రెండు వందల యాభై ఐదు దాటితే

నేను అసెంబ్లీ కోడ్ రాయాల్సి వచ్చింది నా బయోడేటాలోని ఒక అబద్ధం వల్ల. పూర్తి అబద్ధం కూడా కాదు. కంప్యూటర్‌కి దాని చిన్న చిన్న ఆజ్ఞల్లోనే పని చెప్పే భాష అది, ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మాకు ఆ ల్యాబ్ ఉండేది. రెండు అంకెలను కూడే ప్రోగ్రామ్ ఒకటి పక్క బెంచీ అమ్మాయి రికార్డులోంచి చూసి రాశాను. పరీక్షలో అదే వచ్చింది. ఆ ధైర్యంతో బయోడేటాలో వచ్చిన భాషల వరుసలో, చిట్టచివర, 'అసెంబ్లీ' అని చేర్చాను. పన్నెండేళ్ళు ఆ మాట ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఆ మూలే పడి ఉంది. నేను ఉద్యోగం మారినప్పుడల్లా నాతోపాటే మారింది.

మా కంపెనీ నానక్‌రామ్‌గూడ లోపలి వీధిలో, అద్దాల మేడల వెనక ఉంటుంది. కింద ఇస్త్రీ కొట్టు, పైన మూడంతస్తులు ఆఫీసులు. మేం తొమ్మిది మందిమి. అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర పెట్టే కెమెరాలు తయారు చేస్తాం. వచ్చినవాళ్ళ మొహం ఫోటో తీసి, లోపల కూర్చున్న వాచ్‌మన్‌కి తెర మీద చూపించడం వాటి పని. ఆ కెమెరా లోపలి కంప్యూటర్ చాలా చిన్నది. మా దగ్గర పనిచేసి వెళ్ళిపోయిన ఒకాయన దాని లోపల ఇంకో కంప్యూటర్‌ని ఊహించి కట్టాడు. వర్చువల్ మెషీన్ అంటారు. నిజానికి అది ఎక్కడా ఉండదు, ఉన్నట్టు నటిస్తుంది. ఫోటోలను సరిచేసే ప్రోగ్రాములన్నీ ఆ లేని కంప్యూటర్‌కి అర్థమయ్యే అసెంబ్లీ భాషలోనే రాయాలి. ఎందుకిలా చేశావయ్యా అని అడుగుదామంటే ఆయన అప్పటికే బెంగళూరు వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడు.

"మీకు అసెంబ్లీ వచ్చట కదండీ" అన్నారు మా టీమ్ లీడ్ ఒక సోమవారం పొద్దున. ఆయనది భీమవరం వైపు. మనుషులనే కాదు, వస్తువులను కూడా అండి అనే మనిషి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే "మీరు ఇలా చేస్తే ఎలాగండి" అని దాని వైపు తిరిగి అడుగుతారు.

"వచ్చు అంటే, కాలేజీలో చేశాను సార్."

"చాలండి. కోకాపేటలో మనం పెట్టబోయే గేటు తూర్పు ముఖం. వచ్చినవాళ్ళ వెనక నుంచి ఎండ కొట్టి మొహాలు నల్లగా వస్తాయండి. పాలాయనెవరో పేపరాయనెవరో తెలీదు. కొంచెం వెలుగు పెంచే ప్రోగ్రామ్ రాసెయ్యండి. వచ్చే సోమవారం డెమో."

సరేనన్నాను. కాదంటే బయోడేటా సంగతి బయటపడుతుంది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే, "ఇప్పుడేం పని చేస్తాండావు మా" అని అడిగాడు నాయన. మాది అనంతపురం పక్కన చిన్న ఊరు. "అసెంబ్లీలో రాస్తాండా నాయనా" అన్నాను. అవతల టీవీ చప్పుడు తగ్గింది. తర్వాత "మంచిదే" అన్నాడు, గొంతు కొంచెం మార్చి.

బుధవారానికి మా ఊరినుంచి మూడు ఫోన్లు వచ్చాయి. ఒక టీచరమ్మకు బదిలీ కావాలి. ఇంకొకాయనకు వాళ్ళ ఇంటి ముందు బస్సు ఆగాలి. మూడోది మా వీధి పిండిమిషన్ ఆయన. ఆయనకేమీ అక్కర్లేదు, ఒకటే సందేహం. "మన ఎమ్మెల్యే లోపల ఏమన్నా మాట్లాడ్తాడా మా, లేకుంటే నిద్రపోతాడా? నువ్వు దగ్గరుండి చూస్తాంటావు కదా."

నాయనకు ఫోన్ చేసి ఇది ఆ అసెంబ్లీ కాదని చెప్పాను. నేనుండేది లింగంపల్లి, పనిచేసేది నానక్‌రామ్‌గూడ, అయినా మన అసెంబ్లీ ఇప్పుడు హైదరాబాద్‌లో లేనే లేదు కదా అన్నాను.

"అదే నేనూ చెప్పినా వాళ్ళకు. రెండు రాష్ట్రాలదీ మన పాపే రాస్తాదేమో అన్నారు."

నేను ఫోన్ పెట్టేశాను.

బెంగళూరాయన ఒక చిన్న ఫైలు వదిలివెళ్ళాడు. దాని ప్రకారం ఆ యంత్రానికి ఏడే మాటలు తెలుసు. తెచ్చుకో, పెట్టు, కూడు, తీసెయ్, పోల్చు, దూకు, ఆగు. గుణించడం రాదు. భాగించడం రాదు. గుర్తు పెట్టుకోవడానికి ఎనిమిది గళ్ళున్నాయి, ఒక్కో గడిలో ఒక్క అంకె. తొమ్మిదోది గుర్తు పెట్టుకోవాలంటే ముందున్న ఎనిమిదింటిలో ఒకదాన్ని మరిచిపోవాలి. దానికి ఫోటో అంటే మనిషి కాదు, మొహం కాదు, పొడుగ్గా పరిచిన అంకెల వరుస. సున్నా అంటే కటిక నలుపు, రెండు వందల యాభై ఐదు అంటే తెల్లటి తెలుపు, మధ్యలోవన్నీ బూడిద రంగులు.

వెలుగు పెంచడం అంటే ప్రతి అంకెకూ అరవై కలపడం. మామూలుగా నేను రాసే భాషల్లో అది ఒక్క లైను. ఇక్కడ పధ్నాలుగు లైన్లు పట్టింది. మొదటి అంకె తెచ్చుకో, అరవై కూడు, మళ్ళీ అక్కడే పెట్టు, పక్క అంకెకు జరుగు, పైకి దూకు. జరగడం అనే మాట దానికి లేదు కాబట్టి, ఎక్కడున్నావో ఆ చోటుకు ఒకటి కూడమని చెప్పాలి. రెండు రోజుల్లో నా మాట తీరు మారిపోయింది. షేరింగ్ ఆటో ఆయనకు "ముందు సిగ్నల్ దాకా పోండి, తర్వాత ఎడమకు తిరగండి, తర్వాత ఆగండి" అని చెప్పాను. "నేను రోజూ గీ తొవ్వనే పోత మేడం" అన్నాడాయన.

గురువారం మొదటిసారి నడిపాను. తెర మీద ఫోటో తెల్లగా వెలిగింది, ఆ తర్వాత మొత్తం ఆగిపోయింది. కెమెరా పెట్టె గుయ్యిమని చప్పుడు చేసింది. లీడ్ పరుగెత్తుకొచ్చి "ఏమైందండీ మీకు" అన్నారు. ఆయన అడిగింది పెట్టెను.

సగం రోజు వెతికితే తెలిసింది. ఫోటో అయిపోగానే ఆగమని చెప్పడం మరిచిపోయాను. అది ఆగలేదు. జ్ఞాపకంలో ఫోటో పక్కనే నా ప్రోగ్రామ్ ఉంది. అది కూడా అంకెలే కదా. ఫోటో చివరి అంకె దాటి, నా ప్రోగ్రామ్‌లోకి నడిచివెళ్ళి, తన మాటలకే తాను అరవై చొప్పున కలపడం మొదలుపెట్టింది. 'కూడు' అన్న మాటకు అరవై కలిస్తే ఏమవుతుందో ఫైల్లో రాయలేదు. ఎంత వెలుగు పెంచమన్నారో అంత పెంచుతూ తన్ను తాను చెరిపేసుకుంది పాపం. దాని మీద నాకు మొదటిసారి జాలి వేసింది.

ఆగమని చెప్పాక బాగా నడిచింది. మా సెల్లార్‌లో చీకట్లో తీసిన ఇరవై ఫోటోల మీద పరీక్షించాను. అన్నిట్లోనూ మొహాలు తేటగా వచ్చాయి. లీడ్ సంతోషించి, "మన గేటుకే ఒకటి బిగించి చూద్దామండి" అన్నారు. శుక్రవారం పొద్దున బిగించారు.

మా గేటు దగ్గర కాపలా ఉండే ఆయన్ని అందరం కాకా అంటాం. నారాయణపేట వైపు మనిషి, అరవై దాటాయి. మొహంలో సగం మీసమే. దూదిలా తెల్లగా, గుబురుగా, కొసలు పైకి తిప్పి ఉంటుంది. పదకొండు గంటలకు నాకు ఫోన్ చేశాడు.

"మేడం, జర కిందికి రాండ్రి."

వెళ్ళేసరికి తెర ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తిప్పడం లేదు.

"గిదెవరు మేడం?"

తెర మీద కాకాయే. కాకపోతే మీసం కాటుకలా నల్లగా ఉంది. టోపీ కింద కనపడే జుట్టు కూడా నలుపే. వేసుకున్న తెల్ల చొక్కా కూడా.

"మీరే కాకా."

"నేనెట్లైత? నా మీసం తెల్లబడి పదేండ్లాయె." లేచి కెమెరా ముందుకెళ్ళి నవ్వాడు. తిరిగొచ్చి చూసుకున్నాడు. ఈసారి పళ్ళు కూడా నల్లబడ్డాయి. కాసేపు ఆలోచించి, "నోరు మూసుకుంటె మంచిగనె ఉన్న" అని తేల్చాడు.

నాకు ఏం జరిగిందో అర్థమైంది. యంత్రంలో ఒక్కో గడిలో రెండు వందల యాభై ఐదు దాకానే పడుతుంది. మీసం అప్పటికే రెండు వందల ముప్పై ఉంది. దానికి అరవై కలిపాను. సెల్లార్ ఫోటోల్లో అంత తెలుపు లేదు కాబట్టి సంగతి బయటపడలేదు.

"పాత స్కూటర్ల మీటర్ చూసినారు కదా కాకా. అన్నీ తొమ్మిదులు వచ్చినాక ఇంకొక్క కిలోమీటర్ పోతే ఏమైతాది?"

"మల్ల సున్నాలు పడ్తయి."

"ఇదీ అంతే. తెలుపు హద్దు దాటింది, సున్నా దగ్గరికొచ్చింది. సున్నా అంటే నలుపు."

కాకా మీసం దువ్వుకున్నాడు. "అంటె నా మీసం ఒక రౌండు కొట్టొచ్చిందన్నట్టు."

"అంతే. ఇప్పుడే పోయి సరిచేస్తా."

"ఏం పరేషాన్ గాకు బిడ్డా." అంతవరకూ మేడం అనేవాడు, అప్పుడే బిడ్డా అయ్యాను. "ఇయ్యాల ఒక్క దినం ఉండనియ్యి. రేపు చేస్తువు. ఫికరేముంది."

తెరను తన ఫోన్‌తో ఫోటో తీసి ఇంటికి పంపాడు. రెండు నిమిషాల్లో ఆయన భార్య గొంతు వచ్చింది. ఫోన్ స్పీకర్ మీదే ఉంది, ఇస్త్రీ కొట్టు దాకా వినపడింది. "మల్ల రంగేసినవా? పోయినసారి మొఖం గుమ్మడికాయ లెక్క ఉబ్బితె దవాఖానల మూడు దినాలు ఎవలు కూసున్నరు? ఇంటికి రా, చెప్త."

"రంగు గాదె, కంప్యూటర్" అన్నాడు కాకా.

"కంప్యూటర్ రంగైతె ఇంకింత ఉబ్బుతది" అందామె.

మధ్యాహ్నానికి ఇస్త్రీ కొట్టాయన వచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. ఆయన వెంట టీ కొట్టాయన. ఆ తర్వాత వీధిలో తల నెరిసిన ప్రతి మనిషీ మా గేటు ముందు వరుసకట్టారు. ఒక పెద్దాయన తల నిండా రంగేసుకుని ఉన్నాడు కాబట్టి ఏ మార్పూ రాలేదు. ఆయన నన్ను చాలా అనుమానంగా చూశాడు.

సాయంత్రం ఆఫీసు వదిలేలోపే సరిచేశాను. అనుకున్నదానికంటే తేలిక. కూడిన తర్వాత పాత అంకెతో పోల్చమని చెప్పాను. కూడితే పెరగాలి. తగ్గిందంటే హద్దు దాటిందన్నట్టు, అప్పుడు రెండు వందల యాభై ఐదు దగ్గరే ఉండిపో అన్నాను. మూడు లైన్లు. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆ మూడు లైన్లనే చూసుకున్నాను. పన్నెండేళ్ళలో నేను రాసిన కోడ్‌లో నాకు పూర్తిగా అర్థమైంది అదే.

తప్పున్న ఫైలు పేరు 'ఫైనల్'. సరిచేసినదాని పేరు 'ఫైనల్_నిజం'. తేడా లీడ్‌కు చెప్పానో లేదో ఇప్పటికీ మా ఇద్దరి మాటా కలవలేదు.

సోమవారం కోకాపేట వెళ్ళాం. నేను, లీడ్, నిచ్చెన పట్టుకోవడానికి కాకా. ముప్పై రెండంతస్తుల అపార్ట్‌మెంట్ అది. గేటు స్తంభానికి కెమెరా బిగించి, లోపలి గదిలో పెద్ద తెర పెట్టి, లీడ్ ప్రోగ్రామ్ ఎక్కించారు. సంఘం ప్రెసిడెంటు గారు వచ్చారు. పెద్ద గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తల నున్నగా, ఎండలో మెరిసిపోతోంది. ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ, పైజమా.

"యా ఊరు మా మీది?" అని నన్నే ముందు పలకరించారు. అనంతపురం అన్నాను. "మాది నంద్యాల. అట్లయితే పని బాగనే ఉంటాది" అని కెమెరా ముందు నిలబడ్డారు. గది తలుపు తెరిచే ఉంది, అక్కడినుంచి తెర కనపడుతుంది.

తెర వెలిగింది. ఒత్తుగా నల్లటి జుట్టుతో, నల్లటి లాల్చీతో, నల్లటి పైజమాతో ఒకాయన నిలబడి ఉన్నాడు.

లీడ్ గొంతులోంచి ఒక రకమైన గాలి వచ్చింది. నిచ్చెన పట్టుకున్న కాకా తెర చూసి, నిజమైన మర్యాదతో అడిగాడు.

"మాలెప్పుడేసుకున్నరు స్వామీ?"

ప్రెసిడెంటు గారు తన తెల్ల బట్టలు చూసుకున్నారు. తెర చూశారు. తల మీద చెయ్యి పెట్టుకున్నారు. తెర మీద ఆయన చెయ్యి ఆ జుట్టులోకి దిగింది.

"సార్, అది తప్పు" అన్నాను. "వేరే ఫైలు ఎక్కింది. రెండు నిమిషాల్లో మారుస్తా."

"ఉండు మా. తప్పని ఎవరన్నారు?"

తల కొంచెం ఎడమకు తిప్పారు. ఎండ పడే చోటు మారింది, పాపిడి కుడికి జరిగింది. కుడికి తిప్పారు, ఎడమకు జరిగింది. గడ్డం కిందికి దించితే జుట్టు నుదుటి దాకా పెరిగింది. ఎక్కువ ఎత్తితే మొత్తం ఊడిపోయింది. ఊడిపోకుండా ఎంతవరకు ఎత్తవచ్చో ఆయన జాగ్రత్తగా కనిపెట్టారు. ఇదంతా ఒక్క నవ్వు కూడా లేకుండా, ఏదో ఫైలు పరిశీలిస్తున్నంత శ్రద్ధగా చేశారు. తర్వాత ఫోన్ తీసి ఇంటికి చేశారు.

"ఒకసారి కిందికి రా. పని ఉంది."

ఆయన భార్య లిఫ్టు దిగి వచ్చారు. చేతికి ఇంకా దోసె పిండి ఉంది. తెర చూసి, అక్కడే వాచ్‌మన్ కుర్చీలో కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఎందుకు నవ్వు? పెళ్ళినాటికి ఇట్లనే ఉంటి కదా" అన్నారాయన.

"పెళ్ళినాటికే ఇంత లేదు" అన్నారావిడ.

"మీరు గడ్డం కొంచెం దించండి సార్, ఇంకా బాగా వస్తుందండి" అన్నారు లీడ్. అది తప్పన్న సంగతి ఆయన అప్పటికే వదిలేశారు.

ఆ సంతోషం ఎంతసేపు సాగేదో తెలీదు. ఇంతలో గేటు బయట హారన్ మోగింది. ఎవరిదో తెల్ల కారు. తెరలో నల్లగా వచ్చింది. అక్కడి వాచ్‌మన్ తెర చూసి, పుస్తకం చూసి, "గీ నల్ల కారు మన లిస్టుల లేదు" అని గేటు తియ్యలేదు. కారాయన దిగి, నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నానని చెప్పాడు. కళ్ళెదురుగా తెల్ల కారు ఉన్నా వాచ్‌మన్ తెర వైపే చెయ్యి చూపించాడు. "సార్, కెమెరాల నల్లగుంది. నేనేం చెయ్యాలె?" వెనక ఇంకో రెండు తెల్ల కార్లు వచ్చి ఆగాయి. ఇప్పుడు తెర మీద మూడు నల్ల కార్లు. మూడూ ఒకేసారి హారన్ కొట్టాయి.

"మార్చెయ్ మా" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైందని తెలుస్తూనే ఉంది.

సరైన ఫైలు ఎక్కించాను. కార్లు తెల్లబడ్డాయి, గేటు తెరుచుకుంది. మొహాలన్నీ తేటగా, నేను రాసింది రాసినట్టు వచ్చాయి. ఆయన మళ్ళీ వచ్చి కెమెరా ముందు నిలబడ్డారు. హద్దు దాటినదంతా ఇప్పుడు రెండు వందల యాభై ఐదు దగ్గర ఆగుతోంది కదా. తెర మీద ఆయన తల వెలిగించిన ట్యూబ్‌లైట్‌లా ఉంది. లాల్చీకీ తలకీ మధ్య మొహం మాత్రం చాలా స్పష్టంగా, దిగులుగా కనిపించింది.

"ఇది మరీ అన్యాయంగా ఉండాదే" అన్నారు మెల్లగా.

"కరెక్టుగా ఉంది సార్" అన్నాను. ఆ మాట నాకే బాగుండలేదు. అందుకే పాత ఫైలుతో ఒకే ఒక్క ఫోటో తీసి ఆయన ఫోన్‌కి పంపాను. గడ్డం ఎంత దించాలో ఆయనకు తెలుసు కాబట్టి ఒక్కసారికే చక్కగా వచ్చింది. అదే మధ్యాహ్నం ఆయన కెమెరాలన్నిటికీ ఒప్పుకుని సంతకం చేశారు. సాయంత్రానికి ఆయన వాట్సాప్‌లో ఆ ఫోటో పెట్టుకున్నారని, సంఘం గ్రూపులో ఏడుగురు "స్వామి శరణం" అని పెట్టారని లీడ్ నాకు చూపించారు.

ఆ తర్వాత ఆ ఏడు మాటల యంత్రం పని అంతా నాదే అయింది. ఫోటో మసక తగ్గించడం, అడ్డం తిప్పడం, అంచులు వెతకడం, ఒకటొకటిగా రాశాను. బయోడేటాలో ఆ మాటను చిట్టచివరినుంచి పైకి జరిపాను.

వానాకాలంలో కోకాపేటనుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. గేటులోకి వచ్చిన ప్రతి మనిషికీ తోక కనపడుతోందట. కొరియర్ ఆయనకు, డాక్టరమ్మకు, స్కూలు పిల్లలందరికీ. తోక ఒక్కోసారి కదులుతోందట కూడా. నేను ఫోన్ పెట్టేసి, దారి పొడుగునా ఆటోలో కోడ్ నెమరువేసుకుంటూ వెళ్ళాను. ఎక్కడ ఏ అంకె తప్పుగా దూకిందో, ఏ గడిలో పాతది మిగిలిపోయిందో అని. వెళ్ళి చూస్తే వానకు తడవకుండా కెమెరా గొడుగు కిందికి ఒక బల్లి చేరింది. తోక అద్దం మీదికి వేలాడేసి హాయిగా పడుకుంది.

లీడ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ప్రోగ్రామ్‌తో తోలెయ్యలేమాండి దాన్ని?"

"ఆ మాట దీనికి రాదు సార్" అన్నాను. వాచ్‌మన్ దగ్గర చీపురు అడిగి తీసుకుని, నిచ్చెన ఎక్కాను. బల్లి ఒకసారి నావైపు చూసి, స్తంభం అవతలి వైపుకు జరిగింది. ప్రెసిడెంటు గారి భార్య గొడుగు పట్టుకుని వచ్చి కింద నిలబడి, దోసెలు తిని వెళ్ళమన్నారు. తిన్నాను. చట్నీ మా ఊరి కారంతో ఉంది. మూడో దోసె తింటుండగా వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో, తోక మళ్ళీ వచ్చిందని చెప్పాడు.